పెరుగన్నంలో బిళ్ళ

ఒక మాట నాలో పదేళ్లకు పైగా ఉండిపోయింది. అది ఎప్పుడు పైకి వస్తుందో చెప్పలేను. నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర టీ తాగుతుంటాను. పక్క బల్ల మీద ఎవరో బిస్కెట్ విరిచి కుక్కకు విసురుతారు. గ్లాసు చేతిలోనే ఉండిపోతుంది. పక్కనున్న మనిషి ఏదో అడుగుతాడు, నాకు వినపడదు. "ఏంది, ఆలోచనలో పడ్డారు" అంటే ఏదో అబద్ధం చెప్పి లేస్తాను. ఇలా ఎన్నిసార్లు లేచానో.

నేను పేపరు మనిషిని. వార్తలో ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలని మాకు నేర్పారు. కాబట్టి మీకు ముందే చెప్పేస్తాను. నన్ను నమ్మి అప్పగించిన ఒక కుక్క నా వల్ల చచ్చిపోయింది. ఆ నింద వేరే మనిషి మీద పడుతుంటే కుర్చీలో కూర్చుని చూశాను. ఇది రాస్తూ కూడా నేను తప్పించుకుంటున్నాను చూడండి. చూడటమొక్కటే కాదు. ఆ నింద అతని మీద స్థిరపడటానికి కావలసిన చివరి మాట నా నోటి నుంచే వచ్చింది.

ఇందులో నా పేరు ఉండదు. మిగతా పేర్లు మార్చాను. ఎందుకో చివర్లో చెబుతాను.

నరసరావుపేట శివారులో, రొంపిచెర్ల వైపు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. గోడ అవతల కోటయ్య బావ ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, పక్కిల్లు కావడంతో కుదిరిన వరస. ఆయన భార్య అనసూయక్క నన్ను తమ్ముడూ అనేది. రొంపిచెర్ల దగ్గర వాళ్లకు మిరప చేలున్నాయి. ఇంటి ముందు రోడ్డు వైపు ఒక గది ఉండేది. అందులో మస్తాన్ అనే కుర్రవాడు మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. కుర్రవాడు అంటున్నాను గానీ అప్పటికే అతనికి బడికి పోయే కూతురుంది. కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి రైతులు అతని ముందు దించేవాళ్లు. అతను పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టి ఇచ్చేవాడు. కోటయ్యను బాబాయ్ అనేవాడు, నన్ను అన్నా అనేవాడు.

ఇక జిమ్మీ. గోధుమ రంగు మగ కుక్క. ఏ జాతో ఎవరికీ తెలియదు. కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పుడు అనసూయక్క పాలసీసాతో పాలు పట్టి పెంచింది. దానికి ఒక జబ్బు ఉండేది. కనపడిందల్లా మింగేది. సబ్బు ముక్క, పసుపు కొమ్ము, నా మేజోడు, ఒకసారి మామిడి టెంక. నమలడం, రుచి చూడటం దానికి తెలియవు. ఏదైనా మింగిన మర్నాడు అనసూయక్క పుల్ల పట్టుకుని ఖాళీ స్థలంలో దాని వెనకాలే తిరిగేది, బయటికి వచ్చిందో లేదో చూడటానికి. "దీనికి గొంతు ఎక్కడుందే, అంతా గొట్టమే" అని కోటయ్య నవ్వేవాడు. మేజోడు బయటపడిన రోజున నేను ఫొటో తీసి పేపర్లో చిన్న బాక్సు కట్టి రాశాను. వీధంతా చదివి నవ్వుకుంది.

నవ్వనివాడు మస్తాన్ ఒక్కడే. అతని షాపు నిండా తెగిన తీగ ముక్కలు, ప్లాస్టిక్ గొట్టాలు, వార్నిష్ డబ్బాలు, బేరింగ్ గుండ్లు. జిమ్మీ రోజుకు పదిసార్లు అక్కడికి పోయి మూతి పెట్టేది. అతను పని ఆపి దాన్ని తరిమేవాడు. గడప ముందు అడ్డంగా చెక్క పెట్టాడు. అది దూకేది.

ఒక సాయంత్రం నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. జిమ్మీ నోట్లోంచి మస్తాన్ ఒక రబ్బరు ముక్క లాగాడు. దాన్ని కోటయ్యకు చూపించాడు.

"బాబాయ్, కట్టేసుకోండి దీన్ని. ఎప్పుడో ఇది ఏదో ఒకటి మింగి చచ్చిపోద్ది. అప్పుడు నా మీదకి రాబాకండి."

"నీ మోటార్ల కన్నా మా జిమ్మీ పొట్ట గట్టిదిలేరా" అన్నాడు కోటయ్య.

అందరం నవ్వాం. ఆ మాట ఏ గొంతుతో అన్నాడో నేను విన్నాను. విసుగుంది. దాని వెనక భయం కూడా ఉంది. కుక్క చచ్చిపోతుందేమోనన్న భయం. ఇది గుర్తుంచుకోండి. విన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ ఏడు మిరప కోతలప్పుడు కోటయ్య, అనసూయక్క కల్లం దగ్గరికి వెళ్లారు. కాయలు ఆరబోసిన చోటే గుడిసె వేసుకుని ఉండాలి. వాన మబ్బు వస్తే పట్టాలు కప్పాలి, కూలీలకు అన్నం వండాలి. కొన్నాళ్ల పాటు ఇంటికి రాలేరు. మామూలుగా అయితే కుక్కను వెంట తీసుకుపోయేవాళ్లే. అంతకు ముందు సంవత్సరం జిమ్మీ కల్లంలో ఎండుమిరప కాయలు మింగి రోజంతా కక్కుకుంది. అందుకని ఈసారి నాకు అప్పగించారు.

"తమ్ముడూ, పొద్దునా సాయంత్రం కాస్త పెరుగన్నం పెట్టు. ఏది పడితే అది నోట్లో పెట్టకుండా చూడు, నీకు పుణ్యం ఉంటది" అంది అనసూయక్క.

సరే అన్నాను.

వాళ్లు వెళ్లాక జిమ్మీ గోడ మీద నుంచి దూకి వెనక కాలు బెణికించుకుంది. కాలు కింద పెట్టదు. కూర్చుంటే ఏడుపు, లేస్తే ఏడుపు. పిల్లలు ఏడ్చినట్టు సన్నగా, ఆపకుండా. నాకేమో రాత్రి ఎడిషన్ దాకా పని. వార్తలు పంపించి, పేజీలు చూసుకుని ఇంటికి వచ్చేసరికి బాగా పొద్దుపోయేది. మధ్యాహ్నం పడుకుంటేనే మళ్లీ సాయంత్రానికి మనిషిని. ఆ మధ్యాహ్నం నా కిటికీ కింద జిమ్మీ మూలుగు.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోవచ్చు. ఆటో మాట్లాడుకుని దాన్ని ఎక్కించాలి, అక్కడ కూర్చోవాలి, అంటే మధ్యాహ్నం మొత్తం పోయినట్టే. రేపు చూద్దాం అనుకున్నాను. బల్ల సొరుగులో నా మోకాళ్ల నొప్పులకు వాడే బిళ్ళలున్నాయి. బండి మీద తిరిగి తిరిగి మోకాళ్లు పోయిన మనిషిని. మా వైపు ఆ బిళ్ళ లేని ఇల్లు ఉండదు. మిరపకాయలు కోసే ఆడవాళ్లు నడుము నొప్పికి కిరాణా కొట్లో విడిగా ఒక్కొక్కటి కొనుక్కుని మంచినీళ్లలా వేసుకుంటారు. మనిషికి పనిచేసేది కుక్కకు పనిచేయదా? దానిది మాత్రం నొప్పి కాదా?

ఒక బిళ్ళ నలిపి పెరుగన్నంలో కలిపాను. జిమ్మీ గిన్నె నాకేసింది. కాసేపటికి మూలుగు ఆగింది. అది పడుకుంది. నేనూ పడుకున్నాను.

ఇక్కడ మీరు నన్ను నిలదీయాలి. మీ బదులు నేనే చాలాసార్లు నిలదీసుకున్నాను. ఎందుకు పెట్టావు? దాని నొప్పి చూడలేకనా, నీ నిద్ర పోతున్నందుకా? ఏళ్ల తరబడి మొదటిదే అని నాకు నేను చెప్పుకున్నాను. జాలి అని. కానీ జాలిపడ్డ మనిషి మర్నాడు కాలు ఎలా ఉందో వంగి చూస్తాడు. నేను చూడలేదు. మూలుగు మొదలవగానే సొరుగు తీశాను, అంతే. ఆ మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి. మళ్లీ మర్నాడు. ఎన్ని పెట్టానో లెక్క పెట్టలేదు. నా మోకాళ్లకని తీస్తే బిళ్ళల పట్టీ ఖాళీగా ఉంది.

తర్వాత జిమ్మీ అన్నం ముట్టలేదు. ఏది కనపడితే అది మింగే కుక్క గిన్నె వైపు చూసి తల తిప్పుకుంది. నల్లగా తారులా విరేచనం. ఆ సాయంత్రం కక్కితే అందులో నెత్తురు. అప్పుడు భయపడి కోటయ్యకు ఫోన్ చేశాను. "ఏదో మింగినట్టుంది బావా" అన్నాను.

చూశారా, మొదటి అబద్ధం. అసలు అది అబద్ధం కూడా కాదు. మింగిన మాట నిజమే గదా. నా వృత్తి నాకు నేర్పిన విద్య ఇది. తప్పు పట్టలేని వాక్యం రాయడం.

మొగుడూ పెళ్లాం కల్లం వదిలేసి వచ్చారు. కోటయ్య, నేను జిమ్మీని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు కుక్క చిగుళ్లు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. లోపల నెత్తురు పోతోందన్నాడు. సెలైన్ పెడుతూ అడిగాడు.

"ఏం తిన్నదో తెలుసా? ఎలకల మందు ఏమైనా? మీరేమైనా మనుషుల బిళ్ళలు వేశారా? కొంతమంది నొప్పి బిళ్ళలు వేస్తారు. అవి వీటి పొట్టను పుండు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఏదో తెలిస్తే దానికి తగ్గట్టు చూస్తాను."

నేను జిమ్మీ వెనక కాళ్లు పట్టుకుని ఉన్నాను. బెణికిన కాలు నా ఎడమ చేతిలో ఉంది. వెచ్చగా ఉంది.

"అబ్బే, మేమేం వెయ్యలేదండి. మేం ఊళ్లోనే లేం" అని కోటయ్య నా వైపు తిరిగాడు. "ఏం బావా, నువ్వేమైనా చూశావా?"

"లేదు" అన్నాను.

ఒక్క మాట. చెప్పి ఉంటే జిమ్మీ బతికేదా? అప్పటికే ఆలస్యమైందేమో. ఆ డాక్టరును తర్వాత ఎప్పుడూ అడగలేదు. వేరే డాక్టర్లను మాటల్లో పెట్టి, ఎవరి కుక్క సంగతో అన్నట్టు అడిగాను. తొందరగా తెలిస్తే కొన్ని బతుకుతాయని ఒకాయన అన్నాడు. కొన్ని. ఆ కొన్నింటిలో ఇది ఉండేదో లేదో తెలుసుకునే అవకాశాన్ని నేనే లేకుండా చేశాను.

ఎందుకు చెప్పలేదు? అంతకు కొద్ది రోజుల ముందే నేను సొంత వైద్యం చేసుకునే పల్లె జనాన్ని మందలిస్తూ పేపర్లో పెద్ద వ్యాసం రాశాను. అది కోటయ్య చదివాడు. నవ్వుతాడేమోనని చెప్పలేదా? నవ్వుకు భయపడి ఒక ప్రాణం వదిలేశానా? అది సగమే. అనసూయక్క ఇంటి దగ్గర గేటు పట్టుకుని ఎదురు చూస్తోంది. ఆ ముఖంలోకి చూసి చెప్పాలి. అది నా వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున జిమ్మీ పోయింది. తల అనసూయక్క ఒళ్లో ఉంది. ఇంటి వెనక గొయ్యి తవ్వింది నేనే. చెమటలు కారుతుంటే "తమ్ముడికి మా మీద ఎంత ప్రేమో" అంది ఆవిడ. ఆ మాట వినడం కన్నా ఆ గోతిలో నన్ను తోసి ఉంటే నయమనిపించింది. పారతో మట్టి లాగుతూనే ఉన్నాను.

"ఏ పాపిష్టోడు పెట్టాడో. పెట్టిన చెయ్యి పడిపోను" అంది.

తనంతట తానే మింగిందని ఎవరూ అనుకోలేదు. మా ప్రాంతంలో రాజకీయాలు వీధి కుళాయి దాకా వస్తాయి. మనిషికి గానీ పశువుకు గానీ చెడు జరిగితే, చేసిందెవరు అన్నదే మొదటి ప్రశ్న. కోటయ్య ఆ ప్రశ్న వేసుకున్నాడు. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. ఇంటి ముందు గదిలోనే ఉంది. ఏదో ఒకటి మింగి చచ్చిపోద్ది, నా మీదకి రాబాకండి. మస్తాన్ అన్న ఆ మాట వీధంతటికీ గుర్తుంది. గొంతు ఎవరికీ గుర్తులేదు. మాటలే మిగిలాయి. మేం లేనప్పుడు చూసి పెట్టాడన్నాడు కోటయ్య. గడప దగ్గర అడ్డంగా పెట్టిన చెక్క కూడా సాక్ష్యమైంది. వాడికి కుక్క అంటేనే గిట్టదని.

ఆదివారం పొద్దున కోటయ్య వసారాలో నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. మా దగ్గర చిన్న తగాదాలు స్టేషన్‌కు పోవు. ప్లాస్టిక్ కుర్చీల్లోనే తేలిపోతాయి. నాకూ ఒక కుర్చీ వేశారు. పేపరాయన ఉంటే మాట తూకంగా ఉంటుందని. మస్తాన్ నిలబడి ఉన్నాడు. చేతులకు వార్నిష్ మరకలు. పని మధ్యలో పిలిచారు.

"నువ్వే గదంట్రా అన్నది, చచ్చిపోద్దని?" అన్నాడు కోటయ్య.

"చచ్చిపోద్దేమోనని అన్నా బాబాయ్. చంపుతానని అనలా."

"మరి ఎవరు పెట్టినట్టు?"

"నాకేం తెలుసు? అసలు ఎవరైనా పెట్టారని మీకు ఎవరు చెప్పారు? మేజోళ్లు మింగే కుక్కకు ఇంకొకరు పెట్టాలా?"

"నోరు చానా లేస్తాందిరా" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

గొంతులు పెరుగుతున్నాయి. కోటయ్య కుర్చీలోంచి సగం లేచాడు. ఈ దశలో నా నోట్లో నిజం ఉంది. నాలుక మీదే ఉంది. చెప్పకుండా ఇది ఎలా సర్దుకుంటుందా అని చూశాను. ఒక దారి కనపడింది. ఎంత తెలివైన దారో అనుకున్నాను. మస్తాన్ పెట్టలేదు, ఆ సంగతి నా కన్నా గట్టిగా ఎవరికీ తెలియదు. పెట్టనివాడు ప్రమాణం చేయడానికి ఎందుకు వెనకాడతాడు? చేస్తాడు. కోటయ్య నమ్ముతాడు, మా వాళ్లు ప్రమాణాన్ని కాదనరు. కుక్క ఏదో మింగి చచ్చిందని అందరూ సరిపెట్టుకుంటారు. మస్తాన్ బయటపడతాడు, నేనూ బయటపడతాను.

"ఇంత గొడవెందుకు, దర్గా దగ్గర చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తే సరిపోద్ది గదా" అన్నాను. "ఇద్దరికీ మనసు కుదుటపడుద్ది."

పెద్దమనుషులు తలలూపారు. కోటయ్య కూడా కూర్చున్నాడు. మస్తాన్ నా వైపు చూశాడు.

"నేను చెయ్యను, అన్నా."

అతను వార్నిష్ చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"కుక్క చచ్చిందని నన్ను దర్గాకు తీసకపోతారా? రేపు కోడి చచ్చినా తీసకపోతారు. ఇన్నేళ్ల నుంచి మీ వాకిట్లో మోటార్లు కడతన్నా. ఒక్కడంటే ఒక్కడు వీడు రాగి తగ్గించాడని అన్నాడా? పెట్టలేదని నోటితో చెప్పా. ఆ మాట చాలకపోతే ఒట్టు పెట్టినా చాలదు."

"తప్పు చెయ్యనోడికి భయమెందుకురా?" అన్నాడు ఇందాకటి పెద్దమనిషి.

"భయం కాదు. సిగ్గు" అన్నాడు మస్తాన్.

అంతటితో అయిపోయింది. ప్రమాణం చేయనన్నాడంటే తప్పు చేసినట్టే. ఆ తర్వాత ఎవరూ పెద్దగా అరవలేదు. అవసరం లేకపోయింది. నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడు కోటయ్య. నేను నోరు తెరిచాను. అందరూ నా వైపు చూశారు.

"టీ తాగుదాం" అన్నాను.

ఆ రెండు మాటలు నన్ను ఇప్పటికీ వెంటాడతాయి. నిజం చెప్పడానికి తెరిచిన నోరే అది. దాన్ని ఊరికే మూయలేక, చేతికందిన మాట ఏదో పెట్టి మూశాను. అనసూయక్క లోపలి నుంచి టీ గ్లాసులు తెచ్చింది. మస్తాన్‌కు కూడా ఇచ్చింది. అతను తీసుకోలేదు.

మాచర్లలో అతని బావమరిది ఉన్నాడు. అక్కడికి పోయాడు. చదువుల సంవత్సరం మధ్యలో కూతురి బడి మారింది. వైండింగ్ మెషిను, తీగ చుట్టలు ట్రాలీ ఆటోలో ఎక్కించే రోజు నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. బయటికి వెళ్లలేదు. ఆ షాపుకు మోటారు తెచ్చే రైతులు కొన్నాళ్లు వచ్చి తలుపు తాళం చూసి వెళ్లేవాళ్లు. మస్తాన్ ఏడీ అని నన్ను అడిగేవాళ్లు. ఏం జరిగిందని అడిగితే, కుక్కకు మందు పెట్టాడట అని పక్కనెవరో చెప్పేవాళ్లు. మాట చివర ఆ 'ట' దగ్గర నేను తల వంచుకునేవాణ్ణి. పేపరు మనిషిగా ఆ 'ట' ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

తర్వాత వీధిలో ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు. నేను కాలువ నీళ్ల గురించి రాశాను, నకిలీ విత్తనాల గురించి రాశాను. అధికారులు నిజాలు దాస్తున్నారని రాశాను. ఆ వాక్యాలు రాసేటప్పుడు మస్తాన్ గుర్తొచ్చాడా అని మీరు అడిగితే, లేదు. అది కూడా ఒప్పుకోవాలి. మనిషి తన తప్పును ఒక గదిలో పెట్టి, పక్క గదిలో హాయిగా పని చేసుకోగలడు. నేను చేశాను. అప్పుడప్పుడు మాత్రం ఆ గది తలుపు దానంతట అదే తెరుచుకునేది.

ఈ మధ్య మాచర్లలో ఒక పెళ్లికి వెళ్లాను. బస్టాండు నుంచి నడుస్తుంటే ఒక షాపు ముందు బోరు మోటార్లు కనపడ్డాయి. లోపల మస్తాన్. గడ్డం నెరిసింది. నన్ను చూసి తీగ చుట్టడం ఆపి లేచాడు. కుర్చీ తుడిచి వేశాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. అతను టీ చెప్పాడు. కూతురు నర్సింగ్ చదువుతోందన్నాడు. అనసూయక్క ఆరోగ్యం అడిగాడు. నేను లేద్దామనుకుంటుండగా ఆ మాట ఎత్తాడు.

"అన్నా, ఆ రోజు అందరిలోకి మీరొక్కరే నాకో దారి చూపిచ్చారు. నేనే మొండికేశా. ఇప్పటికీ మా ఆవిడ ఎత్తిపొడుస్తది. ఒక్క ఒట్టు పెట్టుంటే ఊరు విడిచేవాళ్లం కాదు, ఆడపిల్ల బడి చెడేది కాదు అని. నిజమే గదా. మీ మాట వినుంటే అయిపోయేది."

ఇన్నేళ్లూ అతను నన్ను తిట్టుకుంటున్నాడని అనుకునేవాణ్ణి. అతను నన్ను మంచివాడిగా దాచుకున్నాడు. తప్పు తనదని ఇంట్లో ఒప్పుకుంటూ బతుకుతున్నాడు. జీవితంలో అతను నిటారుగా నిలబడ్డ ఆ ఒక్క క్షణాన్ని, సిగ్గు అని చెప్పిన ఆ క్షణాన్ని, తన మూర్ఖత్వంగా లెక్కేసుకుంటున్నాడు. జిమ్మీ చావు కన్నా, గది పోవడం కన్నా నేను అతనికి చేసిన పెద్ద అన్యాయం ఇదే. దీన్ని ఆ రోజు దాకా నేను చూడనే లేదు.

"జిమ్మీకి బిళ్ళలు పెట్టింది నేను" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. కాలు బెణకడం, పెరుగన్నం, డాక్టరు అడిగింది, నేను లేదన్నది, ప్రమాణం మాట ఎందుకు ఎత్తానో కూడా. ఆపకుండా చెప్పాను. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. అతను నా ముఖం వైపు చూడలేదు. చేతిలోని తీగ వైపు చూస్తూ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"బాబాయ్‌కి చెప్పారా?"

"లేదు."

"ముందు అక్కడ చెప్పండి. నాకెందుకు చెప్పటం? నేను పెట్టలేదని నాకు తెలుసు గదా."

టీ వచ్చింది. అతను కుర్రాడితో నా గ్లాసు నా దగ్గర పెట్టమన్నాడు. తనది పక్కన పెట్టుకుని, అప్పటిదాకా చుట్టిన తీగంతా విప్పేసి మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్లు లెక్క తప్పినట్టుంది. వెళ్లొస్తానన్నాను. తల ఊపాడో లేదో తెలియలేదు.

పెళ్లికి వెళ్లలేదు. బస్సెక్కి వచ్చేశాను.

కోటయ్య వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. అనసూయక్క గోంగూర వలుస్తోంది. నిలబడే చెప్పాను. ఆ రోజు మస్తాన్ నిలబడ్డ చోటే అది. చెప్పడం పూర్తయ్యాక గమనించాను.

అనసూయక్క చేతులు ఆగాయి. "తమ్ముడూ" అనలేదు. గోంగూర చాట అక్కడే వదిలి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

కోటయ్య పేపరు మడిచాడు. మడిచిన దాన్ని మళ్లీ మడిచాడు.

"డాక్టరు అడిగినప్పుడు నేను నిన్ను అడిగా గదా బావా" అన్నాడు.

"అడిగావు."

"నేను వాణ్ణి..." అని ఆగిపోయాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు. వస్తే నాకు తేలికయ్యేదని ఆయనకు తెలుసేమో. ఫోన్ తీసి నా వైపు పెట్టాడు.

"వాడి నంబరు ఉందా?"

షాపు బోర్డు మీద చూసి రాసుకుని వచ్చాను. చెప్పాను. ఆయన ఒక్కొక్క అంకె నొక్కి దాచుకున్నాడు. నేను వచ్చేశాను. నన్ను ఆపలేదు.

ఫోన్ చేశాడో లేదో నాకు తెలియదు. గోడ అవతలి నుంచి మాటలు వినపడవు. గేటు దగ్గర ఎదురుపడితే ఆయన తల తిప్పుకోడు, పలకరించడు కూడా. అడగడానికి నాకు ముఖం లేదు. ఏం మాట్లాడుకున్నా అది వాళ్లిద్దరి మధ్య సంగతి. మధ్యలో కూర్చుని దారి చూపించే పని నేను ఇంతకు ముందొకసారి చేశాను.

నా పేరు ఎందుకు రాయలేదో చెబుతానన్నాను. దాక్కోవడానికి కాదు. తెలియాల్సిన ముగ్గురికీ ఇప్పుడు నేనెవరో తెలుసు. ఇక్కడ పేరు పెడితే చదివినవాళ్లు ఫోన్ చేసి, ఇన్నాళ్లకైనా చెప్పారు గొప్పవాళ్లు అంటారు. అలాంటి ఫోన్లు నేను ఎత్తుతాను కూడా, నా గురించి నాకు తెలుసు. అందుకని వద్దనుకున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు, ఆ హక్కు ఉన్నవాళ్లు ఏమీ అనలేదు. మీరు వింటే చాలనుకున్నాను. మస్తాన్ ఆ కుక్కకు ఏమీ పెట్టలేదు. పెట్టింది నేను. చివర్లో 'ట' లేకుండా ఈ వాక్యాన్ని మొదటిసారి రాశాను. రాశాక కాసేపు చూస్తూ కూర్చున్నాను. మార్చాల్సిన మాట ఒక్కటీ కనపడలేదు.